ఆరూ నలభై

పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకోబోతే కుడి చెయ్యి రాలేదు. ఇదేమిటని చూసుకునేలోపే కుడి కాలు మడతపడింది, గోడకు జారగిలబడి కూలిపోయాను. పంపు తిప్పే ఉంది. తలుపు తెరిచే ఉంది. హాల్లో గోడ గడియారం తిన్నగా కనిపిస్తోంది. ఆరూ నలభై.

అప్పుడు నాకు 34 ఏళ్ళు. ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. పై వాటాలో ఉండే పెద్దావిడ ట్యాంకులో నీళ్ళు అయిపోతున్నాయని కిందికి వచ్చి, ఎంతసేపు తట్టినా తలుపు తీయకపోయేసరికి మా తమ్ముడికి ఫోన్ చేసింది. ఆసుపత్రికి చేరేసరికి పావు తక్కువ తొమ్మిది.

అక్కడ డాక్టరు నా మీదికి వంగి, "ఎప్పుడు మొదలైందమ్మా? ఎన్ని గంటలకి?" అని అడిగారు.

నాకు తెలుసు. ముళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా కళ్ళకు కట్టినట్టుంది. నోరు తెరిస్తే వచ్చిన మాట "అదే". మళ్ళీ అడిగారు. మళ్ళీ "అదే". ఎడమ చెయ్యి ఎత్తి అయిదు వేళ్ళూ చూపించాను. ఆరో వేలికి కుడి చెయ్యి కావాలి, అది లేవదు. ముందు అయిదు చూపించి ఆ తర్వాత ఒకటి చూపించాలన్న ఆలోచన నాకు తట్టలేదు. నర్సు, "అయిదు గంటలకా అమ్మా?" అంది. "అదే" అన్నాను. కాదని చెప్పడానికి కూడా నా దగ్గర ఉన్న మాట అదొక్కటే. నా మాట మీద ఆధారపడలేమని వాళ్ళకు అర్థమైంది.

ఇది ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డం పడి వచ్చే స్ట్రోకుకు ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను ఉంది. సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఎప్పుడు మొదలైందో తెలియకపోతే, మనిషి మామూలుగా ఉన్నట్టు చివరిసారి ఎప్పుడు తెలుసో అక్కణ్ణుంచి లెక్క వేస్తారు. ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు మా అమ్మతో మాట్లాడాను. లెక్క అక్కడినుంచి మొదలైంది. అంటే పదకొండు గంటలు దాటిపోయినట్టు. నిజానికి నాకు పదకొండూ పది దాకా సమయం ఉంది. ఆ నియమం తప్పని నేను అనను. గడువు దాటాక ఇస్తే మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం పెరుగుతుంది, వాళ్ళు తెలిసినదాన్ని బట్టే నడుచుకున్నారు. కానీ అలాంటి స్ట్రోకులో నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని తర్వాత చదివినప్పుడు, ఆ పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను.

నా కష్టాలు ఆ పొద్దుటితో మొదలవలేదు. అంతకుముందు ఆరేళ్ళలో నాకు మూడుసార్లు కడుపు పోయింది. మొదటిది తొమ్మిదో వారంలో, రెండోది ఎనిమిదో వారంలో. మూడోది పదిహేడో వారం. దాని గుండె చప్పుడు రెండుసార్లు విన్నాను. మూడోసారి వెళ్తే వినిపించలేదు. స్కానింగు చేస్తున్నావిడ మాట్లాడటం ఆపేసి తెర నావైపు నుంచి కొద్దిగా పక్కకు తిప్పింది. ఆవిడ చెప్పకముందే తెలిసిపోయింది.

అప్పుడు చూసిన డాక్టరు "కొందరికి నిలవదమ్మా, వయసుంది కదా" అన్నారు. రక్తపరీక్ష ఊసు రాలేదు. నేనూ అడగలేదు. అడగాలని నాకేం తెలుసు? ఇంట్లో మాత్రం అందరికీ కారణాలు తెలుసు. మెట్లెక్కింది, బరువు మోసింది, ఉద్యోగం మానలేదు, మనసులో ఇష్టం లేదు. ఆఖరి మాట నా భర్తే అన్నాడు. ఏడాదిన్నరకు విడిపోయాం. నేను వేరే ఇల్లు తీసుకుని, చిన్న సంస్థలో లెక్కలు చూసే పనిలో చేరి, నా గిన్నెలు నేను కొనుక్కుని, బతుకు ఒక దారిన పడిందనుకున్న ఏడో నెలలో బ్రష్షు జారింది.

పక్షవాతం వచ్చిన నాలుగో రోజు పెద్ద డాక్టరు మా అమ్మను అడిగిన మొదటి ప్రశ్న రక్తపోటు గురించి కాదు. "అమ్మాయికి ఎప్పుడైనా కడుపు పోయిందా? ఎన్నిసార్లు?" అన్నారు. మా అమ్మ బిత్తరపోయింది. దానికీ దీనికీ సంబంధమేమిటి?

సంబంధం ఉంది. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అంటారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కొన్ని యాంటీబాడీలు తయారుచేసి, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచేస్తుంది. అవే మాయను కూడా దెబ్బతీస్తాయి, కడుపులో బిడ్డకు అందాల్సింది అందదు. 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే డాక్టరు ఈ గడ్డలనూ, పదేపదే జరిగే గర్భస్రావాలనూ, ఈ యాంటీబాడీలనూ ఒక్క జబ్బుగా కలిపి వివరించారు. చిన్న వయసులో స్ట్రోకు వచ్చిన ఆడవాళ్ళలో దీన్ని తప్పకుండా వెతుకుతారు. పరీక్ష మామూలు రక్తపరీక్షే. అయితే ఒకసారి ఉందని తేలితే చాలదు, కనీసం 12 వారాల తర్వాత మళ్ళీ చేసి ఇంకా ఉందని చూశాకే నిర్ధారిస్తారు. నాకు రెండుసార్లూ ఉందనే వచ్చింది.

మంచం మీద పడుకుని ఇదంతా వింటున్నాను. మాట లేదు గానీ వాళ్ళు మెల్లగా చెబితే చాలావరకు అర్థమవుతోంది. ముగ్గురు బిడ్డలు పోయినదీ, నా మాట పోయినదీ ఒక్క కారణంతోనే. మెట్లు కాదు, బరువు కాదు, నా మనసు కాదు. ఆ రోజు ఏడ్చాను. అమ్మ భయపడి నర్సును పిలిచింది. అది ఎలాంటి ఏడుపో చెప్పడానికి మాట లేదు.

పదోవారం దాటాక ఒక్కసారి బిడ్డ పోయినా, అంతకుముందు వరసగా మూడుసార్లు పోయినా ఈ పరీక్ష అడగండి. ఎవరేమనుకున్నా అడగండి. ముందే తెలిస్తే చిన్న మోతాదు ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చి కాపాడుకుంటూ వస్తారు, వాటితో బిడ్డలను కన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు ఆ అవకాశం దాటిపోయింది. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఇంకా ఉండొచ్చు.

ఇక ఆసుపత్రి రోజులు. ముక్కులోంచి గొట్టం, పన్నెండు రోజులు. గొంతులోకి వెళ్ళాల్సిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందని, గొట్టం తీశాక కూడా నీళ్ళలో పొడి కలిపి చిక్కగా చేసి చెంచాతో ఇచ్చేవాళ్ళు. గడ్డం ఛాతీకి ఆనించి మింగాలి. పలచటి మంచినీళ్ళు మొదటిసారి తాగింది ఇరవై ఆరో రోజున. మంచం అంచున పడిపోకుండా కూర్చోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. పాదం వేలాడిపోకుండా మడమకు ప్లాస్టిక్ పట్టీ వేసి ఫిజియో నిలబెట్టినప్పుడు నేల ఎంత దూరంగా ఉందో! ఆరో వారానికి నాలుగు కాళ్ళ కర్రతో గది దాటాను. కాలు త్వరగానే దారికొచ్చింది. చెయ్యి రాలేదు. చాలామందికి ఇంతేనట.

కానీ నేను చెప్పాలనుకున్నది మాట గురించి.

ఏడో రోజున స్పీచ్ థెరపిస్టు వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. కుర్చీ నా ఎడమవైపుకు జరుపుకుని కూర్చుంది. "అక్కా, మీకు మాట పడిపోయింది గానీ తెలివి పోలేదు. నాకు తెలుసు. నేను తొందరపెట్టను" అంది. ఆ వారంలో నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆ అమ్మాయి. మిగిలినవాళ్ళు నా గురించి మాట్లాడారు, నా మంచానికి అటు ఒకరూ ఇటు ఒకరూ నిలబడి.

ఇలా మాట పడిపోవడాన్ని అఫేసియా అంటారు. స్ట్రోకు వచ్చినవాళ్ళలో మూడోవంతు మందికి వస్తుంది. చాలామందికి భాష మెదడులో ఎడమ సగంలో ఉంటుంది, కుడి చేతినీ కాలినీ నడిపేది కూడా ఆ సగమే, అందుకే రెండూ కలిసి పోతాయి. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గరికి ఏమడిగినా "టాన్" అని మాత్రమే అనే ఒక రోగి వచ్చాడు. అతను చనిపోయాక మెదడు పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బతిన్న చోటును చూపించారు. ఆ చోటుకు ఇప్పటికీ బ్రోకా పేరే. నూట అరవై ఏళ్ళ కిందట ఆ మనిషికి "టాన్" మిగిలినట్టు నాకు "అదే" మిగిలింది. ఆకలైతే అదే, నొప్పైతే అదే. నా మాటలో పెద్ద చిక్కు ఏమిటంటే, అది ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. "కిటికీ మూసేయమంటావా?" "అదే." మూసేసేవాళ్ళు. నాకు ఊపిరాడేది కాదు.

థెరపిస్టు మొదట చేయించింది లెక్కపెట్టడం. తను "ఒకటి, రెండు, మూడు" అని ఆగింది. నా నోరు దానంతటదే "నాలుగు" అంది. అమ్మ గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. పది దాకా వెళ్ళాను. ఆ తర్వాత నాలుగు పెన్నులు చూపించి ఎన్ని అని అడిగితే రాలేదు. వరసగా నోటికొచ్చే మాటలు వేరు, కావాలని వెతికి తెచ్చుకునే మాట వేరు. వారాల పేర్లు వచ్చాయి. చిన్నప్పుడు బట్టీపట్టిన పద్యం నాలుగు పాదాలూ వచ్చాయి. అందులోంచి ఒక్క మాట విడిగా చెప్పమంటే మళ్ళీ "అదే".

పాటతో చేయించే పద్ధతి ఒకటి ఉంది, 1973 నుంచి వాడుకలో ఉంది. చిన్న వాక్యాన్ని రెండే రెండు స్వరాల్లో, ఒకటి పైకి ఒకటి కిందికి, సాగదీసి అనిపిస్తారు. ఒక్కో అక్షరానికి ఎడమ చేత్తో మంచం మీద తట్టాలి. "మం-చి-నీ-ళ్ళు." రోజుకు ఎన్నివందల సార్లు అన్నానో. మొదట తనతో కలిసి, తర్వాత తను సగంలో ఆపేస్తే నేను పూర్తిచేసి, ఆ తర్వాత తను అడిగితే నేను జవాబుగా, చివరికి పాట తీసేసి. పదిహేడు రోజులకు "మంచినీళ్ళు" నా సొంతమైంది.

మన తెలుగు ఎలా కట్టి ఉందో నాకు అది ఊడిపోయాకే తెలిసింది. మాటలు కొన్ని తిరిగి వచ్చాయి గానీ చివర్లు రాలేదు. కి, లో, తో, నుంచి, ఇవేవీ లేవు. "అమ్మ... బడి... తమ్ముడు" అంటే అమ్మ బడికి వెళ్ళిందో, బడినుంచి తమ్ముణ్ణి తెచ్చిందో వినేవాళ్ళే ఊహించుకోవాలి. క్రియలతో ఇంకా కష్టం. తెలుగులో ఎవరు చేశారో క్రియ చివరన ఉంటుంది. తాగుతాను, తాగుతావు, తాగుతుంది. ఆ చివర తీసేస్తే మిగిలేది "తాగు". అది ఆజ్ఞ. నేను "వెళ్తాను" అనాలనుకుని "వెళ్ళు" అనేదాన్ని. చూడటానికి వచ్చిన మా పిన్నిని "వెళ్ళు, వెళ్ళు" అన్నాను, బాత్రూముకు వెళ్ళాలని. పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. డాక్టరుగారిని "రా" అన్నాను. గారు, అండి, రు అన్నీ పోయాయి. జన్మలో పెద్దవాళ్ళను ఏకవచనంతో పిలవని నేను, పదిమంది ముందు అందరినీ ఆజ్ఞాపిస్తున్నాను, ఆపలేకపోతున్నాను.

ముందుగా తిరిగొచ్చిన మాటలు ఏవో తెలుసా? కావాలి, వద్దు, తెలుసు, చాలు. వీటికి చివర్లు మారవు. నేనన్నా నువ్వన్నా ఒకటే. ఇది థెరపిస్టే గమనించి ఒక కాగితం మీద రాసింది. ఆ నాలుగు మాటలతో మూడు వారాలు బతికాను. "వద్దు" వచ్చిన రోజున కిటికీ తెరిచే ఉంచగలిగాను.

ఇంటికి వచ్చాక అమ్మ, తమ్ముడు, నేను. పొద్దున గంట, సాయంత్రం గంట బొమ్మల కార్డులు. కత్తెర బొమ్మ చూపిస్తే పేరు రాదు. అప్పుడు దాని చుట్టూ తిరగాలి. దేనికి? కోయడానికి. ఎక్కడుంటుంది? కుట్టుమిషను దగ్గర. ఎలా ఉంటుంది? రెండు కళ్ళు. ఇలా చుట్టుముడితే ఒక్కోసారి పేరే వచ్చి ముందు నిలబడేది. రాకపోతే మొదటి అక్షరం అందిస్తారు, "క..." అని. మాట మొత్తం అందించకూడదు. ఇది చాలా ముఖ్యం. అందించిన మాట వాళ్ళది, వెతుక్కుని తెచ్చుకున్న మాట నాది. మా తమ్ముడికి ఇది అర్థమవడానికి రెండు నెలలు పట్టింది. నేను అవస్థపడుతుంటే వాడు చూడలేడు, వెంటనే చెప్పేసేవాడు. ఒకరోజు వాడి నోటికి నా అరచెయ్యి అడ్డం పెట్టాను. ఆ తర్వాత నేర్చుకున్నాడు. నేను వెతుకుతున్నంతసేపూ నేలవైపు చూస్తూ కూర్చునేవాడు. ఏ మందుకన్నా తక్కువ కాదు ఆ ఓపిక.

చదవడం కూడా దెబ్బతింది. ఒత్తులు కనబడేవి గానీ పలికేవి కావు. అక్కకూ అత్తకూ తేడా తెలిసేది కాదు. పత్రికలో శీర్షికలతో మొదలుపెట్టి, రోజుకు ఒక వార్త మొదటి పేరా. అంకెలు మాత్రం చిత్రంగా ఉండేవి. కాగితం మీద కూడికలు తప్పు లేకుండా చేసేదాన్ని, జవాబు నోటితో చెప్పమంటే 23ని ముప్పై రెండు అనేదాన్ని. తప్పని వింటున్నప్పుడే తెలిసేది.

మూడో నెలలో నేను కార్డులు ముట్టుకోవడం మానేశాను. గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. అందరూ బద్ధకమన్నారు, మొండితనమన్నారు. స్ట్రోకు తర్వాత మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది. మెదడుకు తగిలిన దెబ్బ కూడా దానికి ఒక కారణం. మాట ఉన్నవాళ్ళు చెప్పుకుంటారు, మాట లేనివాళ్ళు చెప్పుకోలేరు, అందుకని కనిపెట్టడం ఆలస్యమవుతుంది. నాకు దిగులు ముఖాల బొమ్మలు చూపించి వేలు పెట్టమన్నారు. అన్నిటికన్నా చివరిదాని మీద పెట్టాను. మాత్ర మొదలుపెట్టారు. అయిదారు వారాలకు మళ్ళీ కార్డుల డబ్బా నేనే అడిగాను. సిగ్గుపడాల్సిన మాత్ర కాదది. వేసుకోకపోతే ఇక్కడిదాకా వచ్చేదాన్ని కాదు.

అయిదో నెల చివర్లో ఒక సాయంత్రం పై వాటా పెద్దావిడ చూడటానికి వచ్చింది. నన్ను ఆసుపత్రికి చేర్చిన రోజు గురించి అమ్మతో చెబుతోంది. "ఎప్పుడు పడిందో పాపం, రాత్రంతా పడి ఉందో ఏమో" అంది. నేను చెయ్యి ఎత్తాను. ఇద్దరూ ఆగారు. తమ్ముడు నేలవైపు చూడటం మొదలుపెట్టాడు.

"ఆరు" అన్నాను. ఆగాను. మంచం అంచున ఎడమ చేత్తో తట్టాను. "ఆరూ... నలభై." ఇంకా ఉంది, ఇంకా ఉందని వేలు చూపించాను. ఎవరూ అందించలేదు. "ఆరూ నలభై... కి. పడి... పోయా... ను."

కి వచ్చింది. ను వచ్చింది. ఆసుపత్రిలో అడిగిన ప్రశ్నకు అయిదు నెలల తర్వాత జవాబు. పెద్దావిడకు ఆ అంకె విలువ తెలియదు. అమ్మకు తెలుసు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, పావు తక్కువ తొమ్మిది దాకా లెక్కపెట్టుకుని, లోపలికి వెళ్ళిపోయింది. ఆ విషయం మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఎనిమిదో నెలలో ఫిట్స్ వచ్చాయి. స్ట్రోకు మచ్చ ఉన్నచోట విద్యుత్తు అదుపు తప్పుతుంది, కొందరికి నెలల తర్వాత వస్తాయి. కళ్ళు తెరిచేసరికి మళ్ళీ ఆసుపత్రి, నోట్లో మళ్ళీ "అదే". కుడి చెయ్యి మళ్ళీ చచ్చుబడింది. అంతా పోయిందనుకున్నాను. మొదటిసారి కన్నా ఆ రాత్రే ఎక్కువ భయపడ్డాను, ఎందుకంటే ఎంత దూరం నడవాలో ఇప్పుడు తెలుసు. ఫిట్స్ తర్వాత ఇలా బలం తగ్గినా, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తిరిగి వస్తుందని డాక్టరు చెప్పారు. నిజమే. మర్నాటి సాయంత్రానికి చెయ్యి కదిలింది. మాటలు నాలుగు రోజుల్లో చాలావరకు వచ్చాయి. ఫిట్స్ మాత్ర రోజుకు రెండు చొప్పున జతైంది.

నా జబ్బుకు రక్తం పలచబడే మాత్ర, వార్ఫరిన్, జీవితాంతం వేసుకోవాలి. ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చేయించుకుంటూ అది రెండుకూ మూడుకూ మధ్య ఉండేట్టు మోతాదు సరిచేస్తారు. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె దాని బలం తగ్గిస్తుంది. మానేయనక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో తినాలి. కొన్ని యాంటీబయాటిక్స్ దాని బలాన్ని పెంచేస్తాయి. ఈ సంగతి నాకు తెలిసేటప్పటికే ఆలస్యమైంది. రెండో ఏడాది పంటి నొప్పికి మెట్రోనిడజోల్ అనే అలాంటి మందు రాశారు. వార్ఫరిన్ వేసుకుంటున్నానని చెప్పాలనుకున్నాను, ఆ పేరు నోటికి రాలేదు, వెనక జనం ఉన్నారని ఊరుకున్నాను. ఆరో రోజున గడప తట్టుకుని పడి ఎడమ మణికట్టు విరిగింది. చెయ్యి మోచేతిదాకా నల్లగా వాచిపోయింది. ఐఎన్ఆర్ అయిదు దాటి ఉంది.

ఎడమ చెయ్యి. నాకున్న ఒకే ఒక్క మంచి చెయ్యి. ఆరు వారాల కట్టు.

ఆ ఆరు వారాలు కుడి చేతికి వేరే దారి లేకపోయింది. అప్పటికి వేళ్ళు కొద్దిగా తెరుచుకునేవి, మణికట్టు కొద్దిగా లేచేది, కానీ ఏ పనికైనా ఎడమ చెయ్యే ముందు పోయేది కాబట్టి దాన్ని వాడేదాన్నే కాదు. ఇప్పుడు చెంచా పట్టుకోవాలంటే అదే, దువ్వెనకు అదే, లైటు స్విచ్చికి అదే. మంచి చేతిని కట్టేసి బలహీనమైన చేతితో రోజూ గంటలకొద్దీ పని చేయించడం ఒక చికిత్సట. ఎడ్వర్డ్ టాబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రూపొందించారు. ఫిజియో దగ్గర, కొంత కదలిక ఉన్నవాళ్ళకు మాత్రమే చేయిస్తారు, ఇంట్లో సొంతంగా చెయ్యి కట్టేసుకోకండి. నా కట్టు ఊడదీసే రోజుకు కుడి చేత్తో గుండీ పెట్టుకున్నాను. ఒక్క గుండీ, పావుగంట. ఇప్పటికీ ఆ చేతి బొటనవేలు పూర్తిగా తెరుచుకోదు. బిగుసుకుపోయినప్పుడు కండలోకి బొటాక్స్ ఇంజెక్షను ఇస్తారు, మూడు నెలలు పనిచేస్తుంది.

అప్పటినుంచి మెడలో ఒక కార్డు ఉంటుంది. ఒకవైపు: "నాకు స్ట్రోకు వచ్చింది. మీరు చెప్పేది అర్థమవుతుంది. నా మాట ఆలస్యం. దయచేసి ఆగండి." రెండోవైపు నా మందుల పేర్లు, వార్ఫరిన్ ఎర్ర ఇంకుతో. ఆ కార్డు మొదటి రోజునే ఇచ్చి ఉంటే నా ఐఎన్ఆర్ అయిదు దాటేది కాదు, చెయ్యి అంతలా నల్లగా వాచేది కాదు. ఇప్పుడు ఆసుపత్రినుంచి ఇంటికి పంపుతున్న ప్రతివాళ్ళకూ అలాంటిది రాసివ్వమని ఆ థెరపిస్టును పోరుపెడుతున్నాను.

ఉద్యోగం గురించి. పాత సంస్థ నా స్థానంలో వేరేవాళ్ళను తీసుకుంది. మూడో ఏడాది వాళ్ళే కబురు చేశారు, వారానికి పన్నెండు గంటలు, ఇంటినుంచి, పద్దులు సరిచూడటం. ఎడమ చేత్తో కీబోర్డు. ప్రతి అంకెనూ ఒక్కొక్కటిగా గుసగుసగా చదువుకుని కొడతాను. తప్పులు రాకుండా నాకు మునుపటి కన్నా రెండింతల సమయం పడుతుంది, వాళ్ళు ఆ సమయం ఇస్తున్నారు. విడిగా ఇల్లు తీసుకునే మాట అమ్మతో అన్నాను. అమ్మ "చూద్దాం" అంది. నేను "చూస్తాను" అన్నాను. చివరి రెండక్షరాలూ స్పష్టంగా పలికాను.

అన్నిటికన్నా కష్టమైంది ఫోను. ఎదురుగా మనిషి ఉంటే చెయ్యి, ముఖం సాయం చేస్తాయి. ఫోనులో మాట ఒక్కటే, పైగా నిశ్శబ్దమైతే అవతలివాళ్ళు "హలో, హలో" అని పెట్టేస్తారు. నాలుగేళ్ళు నా ల్యాబుకు ఫోన్ తమ్ముడే చేశాడు. కిందటి నెల నేను చేశాను. ముందే కాగితం మీద రాసుకున్నాను.

"నమస్తే అండి. నాకు మాట... ఆలస్యం. కొంచెం... ఆగండి."

అవతల ఒక అబ్బాయి. "పర్వాలేదు మేడమ్, నెమ్మదిగా చెప్పండి" అన్నాడు.

పేరు చెప్పాను. పుట్టిన తేదీ అడిగాడు. రోజు చెప్పాను, నెల తప్పు చెప్పాను. వింటున్నప్పుడే తెలిసింది. "కాదు. కాదండి. మళ్ళీ చెప్తాను." మళ్ళీ చెప్పాను. కాగితాలు తిప్పుతున్న చప్పుడు. తమ్ముడు గుమ్మంలో నిలబడి నేలవైపు చూస్తున్నాడు.

"రాసుకుంటారా మేడమ్? ఐఎన్ఆర్ రెండు పాయింట్ నాలుగు."

రాసుకున్నాను. సరిగ్గా విన్నానో లేదో చూసుకోవాలి కదా, తిరిగి చదివాను. "రెండు పాయింట్ నాలుగు."

"అవును మేడమ్. అంతే."

"థాంక్సండి" అన్నాను. ఫోను నేనే పెట్టేశాను.